హర్కారా పాటయు జాతీయగీతమును

ఒక జాతి తన్ను తాను గుర్తించుకొనవలెనని సంకల్పించినప్పుడు మొదట రాజుల శాసనములను, పిమ్మట పండితుల కావ్యములను వెదకి, వానితోడను తృప్తి తీరక తుదకు పల్లెలలోని పాటలను ఆశ్రయించుట గడచిన రెండువందల యేండ్లుగా దేశదేశముల కనబడుచున్న విశేషము. శాసనము వంశముతో మాసిపోవును. కావ్యము చదువుకొన్నవారి సొత్తు. నాట్లు వేయుచు, తిరుగలి విసరుచు పాడుకొను పాట మాత్రము ఎవ్వరు కట్టినదో తెలియనిది గనుక అందరిదియు నైనదని యొక విశ్వాసము. ఈ విశ్వాసమునకు ఆద్యుడని పేరొందిన జర్మను పండితుడు హెర్డరు 1778, 1779 సంవత్సరములలో ప్రకటించిన గీతసంపుటములను తెరచి చూచినవారికి ఒక వింత గోచరించును. అందు జర్మనుల పాటలతో పాటు ఇంగ్లీషువారివి, స్పానిషువారివి, లిథువేనియా, ఎస్తోనియా దేశముల రైతులవి, మంచుదీవియైన గ్రీన్‌లాండువారివి సైతము ఒకే పంక్తిని కూర్చుండియున్నవి. తరువాత వచ్చిన దేశాభిమానులు ఆ గ్రంథమునుండి ‘మా పాట’ యను భావమును మాత్రము గ్రహించి, ఆ పంక్తిని చెదరగొట్టిరి.

జానపదగానము దేశస్వరూపమునకు సాక్ష్యమగునా యను ప్రశ్నను చరిత్రకారులును సంగీతజ్ఞులును చాల కాలమునుండి చర్చించుచునే యున్నారు. నేనిచ్చట విచారింపగోరునది దానికి ప్రక్కనున్న వేరొక ప్రశ్న. భగవంతుని వెదకుచు ఒకడు పాడుకొన్న పాటను దేశము తనదిగా స్వీకరించినప్పుడు ఆ వెదకుట యేమగును? ఆర్తికి సరిహద్దులు లేవు. దేశమునకు సరిహద్దులే ప్రాణము. ఈ రెండును ఒకే రాగములో ఇముడునా? దీనికి వంగదేశమునకు మించిన ఉదాహరణము నాకు తోచుటలేదు.

నేటి బంగ్లాదేశమున కుష్ఠియా ప్రాంతమునందు పద్మానది చెంత శిలైదహ మను గ్రామము గలదు. ఠాకూరుల జమీందారీకి అది యొక కచేరీ స్థానము. 19వ శతాబ్దపు కడపటి దశాబ్దమున, తండ్రి యాజ్ఞను తలదాల్చి ఎస్టేటు వ్యవహారములు చక్కబెట్టుటకై యువకుడైన రవీంద్రనాథుడు అచ్చటికి వచ్చి, నదిమీద పడవలోను ఒడ్డున కుఠీబాడీ యను భవనములోను నివసించుచు, పగలు శిస్తు లెక్కలును రాత్రి కథలును వ్రాసికొనుచుండెను. ఆ యూరి తపాలాకచేరిలో గగనచంద్రుడను వాడు జాబుల సంచి మోయుచుండెను. లోకము ఆతనిని గగన్ హర్కారా యనియే యెరుగును. ఆతడు కట్టి పాడిన పాటలలో నొకటి తన మనసులోని మనిషి దొరకక, ఆతని జాడకై దేశము వెంబడి దేశము తిరుగువాని వేదన. రవీంద్రుని మేనకోడలు సరళాదేవి ఆతని పాటలను గూర్చి ‘భారతి’ పత్రికలో వ్రాసెను; రవీంద్రుడు 1915లో ‘ప్రవాసి’ పత్రికయందు పల్లెపాటల కొరకు ‘హారామణి’ యను శీర్షిక యారంభమైనప్పుడు మొట్టమొదట ఈ పాటనే ప్రకటించెను. తప్పిపోయిన మణి యని ఆ శీర్షికకు అర్థము. ఆనాటికే ఆ మణి వేరొక చోట ప్రకాశించుచుండెను. ఆ సంగతి కొంచెము తరువాత.

గగనుడు బావుల్ గాయకుల సంప్రదాయమునకు చెందినవాడు. ఈ బావుల్ సాధకులు ఎవరో చెప్పుట కష్టము, ఏమి కారో చెప్పుట సులభము. వీరు గుడికి పోరు, మసీదునకు పోరు, వర్ణము నొల్లరు, శాస్త్రమును ప్రమాణముగా నంగీకరింపరు. బౌద్ధ సహజయానమునుండి మిగిలిన నిప్పుకణికలు, చైతన్యుని వైష్ణవము, సూఫీల ప్రేమమార్గము వీరి గానమున ఒకదానితో నొకటి కలసిపోయి, ఏది యెవరిదో విడదీయుటకు వీలులేకయున్నవి. బ్రహ్మాండమున గలది పిండాండమున గలదను నమ్మకమే వీరికి మూలసూత్రము. కాబట్టి దేహమే తీర్థము, దేహమే గ్రంథము, గురువు దానిని చదువ నేర్పువాడు. ఏకతార చేతబట్టి, నడుమునకు డుగ్గీ గట్టి, కాళ్ల గజ్జెలు మ్రోగ పాడుచు తిరుగువీరు వెదకునది ఆకాశమందలి యీశ్వరుని గాదు, తమ లోపలనే వసించుచు తమకే దొరకని మనిషిని. లోపలనున్నవానికొరకు వెలుపల తిరుగుట యేమి యని తార్కికుడు అడుగవచ్చును. తిరిగినగాని లోపలనున్నాడని తెలియదని వారి యనుభవము.

ఈ సంప్రదాయమునకు శిఖరమువంటివాడు లాలన్ ఫకీరు. 1890 అక్టోబరు 17న కుష్ఠియా చెంతనున్న ఛేఉరియాలో ఆతడు దేహము చాలించినప్పుడు ఆతడు హిందువో ముసల్మానో చెప్పగలవాడు లేకపోయెను. ఆతని శిష్యులును చెప్పలేదు. ఎవరైన నడిగినచో, మత చిహ్నములనే పరిహసించు పాట యొకటి జవాబుగా పాడెడివాడట. రవీంద్రుని అన్న జ్యోతిరింద్రనాథుడు 1889లో పడవమీద కూర్చుండబెట్టి గీచిన రేఖాచిత్రము తప్ప ఆతని యెదుట కూర్చుండి గీచిన పటము మరియొకటి లేదు. ఇట్టివాడు ఇరువైపులవారికిని కంటకుడగుట సహజము. అగ్రవర్ణ హిందువులు వీరిని భ్రష్టులనిరి. 1920ల దశకమున కొందరు మౌలానాలు బావుల్ మార్గమును రూపుమాపవలెనని ఫత్వా పుస్తకమునే యచ్చువేయించిరి.

ఇచ్చట ఒక సంగతి చెప్పక తప్పదు. నగరములలోని చదువరులకు అందిన బావుల్ వేరు, సాధకుల యాశ్రమమైన అఖాడాలోని బావుల్ వేరు. శ్వాసను బంధించుట, స్త్రీపురుషులు కలసి చేయు రహస్యసాధన మొదలగునవి సంకేత భాషలో దాగియున్న పాటలు పెక్కు గలవు. వానిలో గూఢార్థమును వదలి కవిత్వమును మాత్రము పైకి దేల్చి, ఉపనిషత్తుల ప్రక్కన నిలుపుట రవీంద్రుడును ఆతని మిత్రుడు క్షితిమోహన్ సేనుడును చేసిన పని. దానిని నేను నిందింపను. సంకలనకర్త యెవ్వడైనను తన గంపలో పట్టినదే తెచ్చును. కాని జాతి ఒక పాటను స్వీకరించుటకు పూర్వమే దానిని ఒకసారి కడుగుదురని తెలిసికొనుట మంచిది.

1905వ సంవత్సరమున ఆంగ్ల రాజప్రతినిధి కర్జను ప్రభువు వంగదేశమును రెండుగా చీల్చెను. హిందువులు పెక్కువగా నున్న పశ్చిమము ఒకటి, ముసల్మానులు పెక్కువగా నున్న తూర్పు మరియొకటి. అక్టోబరు 16న విభజన అమలునకు వచ్చిన దినమున రవీంద్రుడు కలకత్తా వీథులలో పాదచారియై నడచి, హిందువులకును ముసల్మానులకును రాఖీలు కట్టెను. ఆ సంవత్సరముననే ఆతడు ‘ఆమార్ సోనార్ బాంగ్లా’ యను గీతమును రచించి, దానికి గగన్ హర్కారా పాటయొక్క రాగమునే యిచ్చెను. వింతయేమన, చీలిన దేశమును కలుపుటకు కవి ఆస్థాన సంగీతమును గాని, బ్రహ్మసమాజపు ధ్రుపద శైలిని గాని కోరలేదు. రెండు మతములకును చెందక, రెండింటిచేతను వెలివేయబడినవారి పాటను కోరెను. రెండు పక్షములవారును సమముగా పాడగల రాగము అదియొక్కటే యని ఆతనికి తోచియుండును.

అయినను రాగము మారకున్నను దానిలోని భావము మారినది. మన అలంకారికుల పరిభాషలో చెప్పవలెనన్న, గగనుని పాట విప్రలంభము; రవీంద్రుని గీతము సంభోగము. మొదటిదానిలో ప్రియవస్తువు కనబడదు. కనబడకపోవుటయే పాటకు కారణము. రెండవదానిలో మామిడితోపుల పూత వాసన, మార్గశీర్షపు నిండు చేలు, మఱ్ఱిచెట్ల నీడ, నదీతీరము, అన్నియు కన్నుల యెదుట నున్నవి. పాడువాడు తల్లియొడిలోనే కూర్చుండియున్నాడు. తల్లి ముఖము వాడినప్పుడు తన కన్నులు చెమర్చునను చోట మాత్రము విరహచ్ఛాయ యొకింత మిగిలినది. ఆ రాగము బాణీలోనే యున్న వెదకులాట దేశప్రేమను గర్వముగా నూరేగనీయక, కొంత వణికించునని నా యూహ. ప్రపంచమునందలి జాతీయగీతములలో పెక్కు కవాతునకు కట్టినవి. ఇది నడకకు కూడ పనికిరాదు, ఊగుటకు మాత్రమే పనికివచ్చును. నిలువబడి సైనికవందనము చేయుచు దీనిని వినువారి యవస్థను తలచుకొన్నప్పుడు నాకు చిరునవ్వు వచ్చును.

పరుల బాణీలో తన మాటలు పెట్టుట దోషమా యని యడుగువారుందురు. మన భజనగోష్ఠులలోను హరికథలలోను ఒక వరుస పది పాటలకు చాలుట యెల్లరెరిగినదే. పల్లెపాటకు యజమాని లేడు, గగనుని బాణీ కూడ ఆతనికి ముందున్నవారినుండి వచ్చియుండును. హంగరీదేశపు సంగీతకర్త బేలా బార్టోక్ దీనిని జీవితాంతము పరిశోధించెను. 1881లో ఆతడు పుట్టిన పట్టణము అప్పుడు హంగరీ, ఇప్పుడు రుమేనియా. దేశీయసంగీతమును వెదకుటకై తోటి సంగీతకర్త కోడాయితో కలసి ఫోనోగ్రాఫు మోసికొని పల్లెలకు పోయినవాడు, హంగరీ పాటలతో పాటు స్లోవాకు, రుమేనియా పాటలను గూడ వేలకొలది వ్రాసికొనెను. 1920లో, దేశము మూడింట రెండువంతుల నేల కోల్పోయి కుములుచున్న సమయమున, రుమేనియా పల్లెపాటలను గూర్చి వ్యాసము ప్రకటించినాడని స్వదేశీయులే ఆతనిని ద్రోహి యనిరి. 1942లో అమెరికా ప్రవాసమునుండి ఆతడు వ్రాసిన వ్యాసములో తేల్చినదేమన, పాటలు సరిహద్దులు దాటి పోయి, మారి, మరల మారి తిరిగి వచ్చుటవలననే సంపన్నమగునని, మిశ్రమము లేని సంగీతము ఎదుగదని. జాతిశుద్ధి పేరిట ఐరోపా దగ్ధమగుచున్నప్పుడు పలికిన మాట యది. శిలైదహ రాగమునకు అది కొత్త ధర్మము గాదు.

1911లో వంగవిభజన రద్దయినది. 1947లో అంతకన్న లోతైన విభజన వచ్చినది. తూర్పు వంగము పాకిస్తానములో భాగమైన పిదప హిందువైన కవి పాట ముసల్మాను రాజ్యమునకు పరాయిదని కొందరు పాలకులు తలచి, 1967లో రవీంద్రుని పాటలను రేడియోలో ప్రసారము చేయరాదనిరి. ఢాకాలోని ఛాయానట్ సంస్థవారు అదే యేట రమ్నా తోటలో చెట్టుక్రింద వైశాఖ ప్రథమదినమున సూర్యోదయవేళ గానసభ జరుపుట ఆరంభించిరి. నిషేధించినకొలది పాట వ్యాపించెను. 1971 విమోచన సంగ్రామమున గగనుని రాగము ముక్తియోధుల నోట నుండెను. 1972లో దాని తొలి పది పంక్తులు క్రొత్త దేశమునకు జాతీయగీతమైనవి. ఆ పాటకై జనులు ప్రాణమిచ్చిరి. దానిని కృత్రిమమని యెవ్వరు కొట్టివేయగలరు? దేశము పాటను దొంగిలించినదని చెప్పుట సులభము. పాటయే దేశమును పుట్టించినదని చెప్పుటలో నిజము హెచ్చు.

రవీంద్రునకు దీనిలోని చిక్కు తెలియనిది గాదు. దేశమునకు ఇంత పాట నిచ్చినవాడు 1916లో జపానులోను అమెరికాలోను చేసిన ఉపన్యాసములలో జాతీయవాదమును యంత్రమని ఖండించెను. 1930లో ఆక్స్‌ఫర్డులో హిబ్బర్టు ఉపన్యాసములను మానవుని మతము పేరిట చేసినప్పుడు తన సిద్ధాంతమునకు సాక్షిగా నిలిపినది బావుల్ గాయకుని ‘మనసులోని మనిషి’నే. ఆ మనిషి ఏ దేశస్థుడును గాడు. అందరిలోను వసించు మానవత్వమే ఆతడు. మన భారత జాతీయగీతము కూడ ఆతనిదే గదా! దానికి ఆంగ్లానువాదమును ఆతడు 1919 ఫిబ్రవరిలో మన మదనపల్లెలో, దివ్యజ్ఞాన సమాజమువారి కళాశాలయందు విశ్రమించుచున్నప్పుడు చేసెను. అచ్చటనే మార్గరెట్ కజిన్సు ఆ గీతమునకు స్వరలిపి కూర్చెను. ఆ గీతములోను సంబోధ్యుడు రాజు గాడు, దేశమే గాడు, జనుల మనస్సుల నడపువాడు. ఇట్లు దేశమును పాడుచు దేశమునకు పైవానిని సంబోధించుట ఆ కవికి నిత్యకృత్యము. రెండు దేశములు ఆ పాటలను గ్రహించినవి. పైవానిని గ్రహించినవా యన్నది వేరు మాట.

తెలుగునాట మనకు బావుల్ గాయకులు లేరని యెవరైన అందురేమో. తత్త్వములు పాడు బైరాగులను వారు మరచినట్లే. తంబుర మీటుచు, తాళము వేయుచు, దేహమును తొమ్మిది వాకిళ్ల యిల్లుగా పాడువారు మొన్నమొన్నటి దాక ప్రతి సంతలోను కనబడెడివారు. కడప మండలపు కందిమల్లాయపల్లెలో విశ్వబ్రాహ్మణుడైన వీరబ్రహ్మమునకు ప్రియశిష్యుడు దూదేకులవాడైన సిద్ధయ్య; గురువు చెప్పిన తత్త్వములను పాడి పల్లెపల్లెకు చేర్చినవారిలో ఆతడు ముఖ్యుడు. తెలంగాణమున పీర్ల పండుగనాడు గుండము చుట్టు తిరుగుచు కర్బలాలో హుసేనుని వీరమరణమును తెలుగు మాటలలో, తెలుగు వరుసలలో పాడువారిలో అత్యధికులు హిందువులు. అరేబియా శోకము బతుకమ్మ పాడిన గొంతులలోనే పలుకుచుండగా విన్నవానికి ఇది ఎవరి సంస్కృతి యని యడుగ బుద్ధి పుట్టదు. అడుగవలసివచ్చుట, దానిని పట్టికలో నొక గడిలో వ్రాయవలసివచ్చినప్పుడే. ‘మన జానపద కళలు’ అని గణతంత్ర దినమున శకటములమీద ఊరేగించు నాయకులు పీర్ల పాటను ఆ శకటమెక్కించిన సందర్భము నేను చూడలేదు. కోలాటము ఎక్కును, డప్పు ఎక్కును. ఎవరిదో తేలని పాట మాత్రము క్రిందనే నిలిచిపోవును. మొదట చెప్పిన కడుగుట యిదియే.

మరల వంగమునకు వచ్చినచో, బావుల్ గానమునకు 2005లో యునెస్కో సన్మానము లభించినది. 2008లో ఢాకా విమానాశ్రయము ముందు ప్రతిష్ఠింప దలచిన బావుల్ శిల్పములు మతవాదుల యొత్తిడికి తొలగింపబడినవి. 2011లో రాజ్‌బారి జిల్లాలో కొందరు బావుల్ సాధకులను పట్టి, వారి జడలును గడ్డములును కత్తిరించి, పశ్చాత్తాపము ప్రకటింపజేసిరి. కత్తెర పట్టినవారు ఆ ఉదయము బడిలో పిల్లలు నిలువబడి పాడిన రాగము ఎవరిదో యెరిగియుండిరా? ఎరిగినను చేయి ఆగెడిది గాదేమో. రాగము మ్రోగినంత మాత్రమున మనిషి మారునను భ్రమ కవులకు ఉండవచ్చును. సంస్కృతీ శాఖవారికి ఉండరాదు.

ఇంతకన్న గట్టి చిక్కు వేరొకటి గలదు. 1972లో రాజ్యాంగసభయందు క్రొత్త దేశపు పౌరులందరును బెంగాలీలని పిలువబడుదురని నిబంధన వచ్చినప్పుడు చట్టగాఁవ్ కొండల ప్రతినిధి మానవేంద్ర నారాయణ లార్మా లేచి, తాను చక్మా యనియు, తన తాతతండ్రులెవ్వరును బెంగాలీలు గారనియు చెప్పి, సభనుండి వెడలిపోయెను. ఆతడు బంగ్లాదేశపు పౌరుడు గాననలేదు. పౌరుడగుటకు పేరు మార్చుకొనవలెనా యని మాత్రమే ప్రశ్నించెను. భాష యాధారముగా ఉర్దూ పాలకులతో పోరాడి గెలిచినవారు, గెలిచిన మరుసటి సంవత్సరముననే, అదే భాషను కొండవారిమీద గుర్తుగా ముద్రించుట చరిత్రలో వింత గాదు. 2011లో రాజ్యాంగమునకు జరిగిన సవరణ, ప్రజలు జాతిచే బెంగాలీలనియు పౌరసత్వముచే బంగ్లాదేశీయులనియు విడదీసి చెప్పి, చిన్న జాతుల సంస్కృతిని రాజ్యము కాపాడునని మరియొక నిబంధనను చేర్చినది. సగము సమాధానము.

గగనుడు లార్మా మాట విన్నచో ఏమనెడివాడో చెప్పుట నా తరము గాదు. కాని ఆతని మార్గమున ‘నీవెవరవు’ అను ప్రశ్నకు జాతి పేరు జవాబుగా చెల్లదు. అది లాలన్‌కు చెల్లలేదు, రవీంద్రునకు ఆక్స్‌ఫర్డులో చెల్లలేదు. రాజ్యము మాత్రము ఆ ప్రశ్నకు పేరు చెప్పకున్న గడువదు: జనగణనకు పేరు కావలెను, పాసుపోర్టునకు పేరు కావలెను. రాజ్యము సాధకుడు కావలెనని నేను కోరను; అది కాజాలదు, అయినచో ప్రమాదము కూడ. కోరదగినది అంతకన్న తక్కువ: పేరు చెప్పని ఫకీరుల గడ్డములను కాపాడుట, వేరు పేరు చెప్పిన కొండవాని మాటను చిట్టాలో ఉన్నదున్నట్లు వ్రాసికొనుట. ఢాకాలోను ఢిల్లీలోను ఈ రెండింటిలో ఏ యొక్కటియు ఇంకను సరిగా జరుగుటలేదు.